గడ్డలు లాగే స్క్రూ గోడు

నేను ఒక స్టీలు స్క్రూను. తలుపులకు బిగించే రకం కాదు. గర్భసంచిలో పెరిగిన గడ్డలోకి మెలితిరుగుతూ దిగి, దాన్ని పట్టి బయటికి లాగే రకం. కార్ఖానాలో నాకు సానపడుతున్నప్పుడు, ఇందరు ఆడవాళ్ళకు ఇన్ని గడ్డలున్నాయి కదా, ఇక నాకు తీరికే ఉండదనుకున్నాను. శుద్ధ తప్పుడు అంచనా. అవసరం వేరు, గిరాకీ వేరు.

నరసరావుపేటలో ఒక నర్సింగ్ హోముకు చేరాను. మొదట ముసలి డాక్టరుగారు, ఆయన తర్వాత ఆయన కోడలు డాక్టర్ శేషుకుమారి నా యజమానులు. ప్రతి ఆపరేషనుకూ నన్ను ఆవిరిలో ఉడికించి ట్రేలో పెడతారు. సంచే తీసేస్తున్నారు కనుక వాడకుండానే పక్కన పడేస్తారు. కాలిలో ముల్లు దిగితే ముల్లు తీయించుకుంటారే గాని కాలు తీయించుకోరు. ఇక్కడికొచ్చేసరికి ఆ తెలివి ఏమవుతుందో!

మిరప కోతలకు వెళ్ళే అంకమ్మ నెలనెలా రక్తం పోయి, పాలిపోయి వచ్చింది. వెంట భర్త పేరయ్య, అత్త చిట్టెమ్మ. డాక్టరమ్మ నన్ను బల్లమీద పెట్టి విడమరిచి చెప్పింది. సంచి లోపలికి పొడుచుకొచ్చిన చిన్న గడ్డలైతే పొట్ట కోయకుండా కిందినుంచే తీయవచ్చు. అంకమ్మవి గోడలో పెరిగిన పెద్దవి. పొట్ట కోసి గడ్డలే తీస్తే సంచి మిగులుతుంది, కాని గడ్డలు మళ్ళీ రావచ్చు. సంచే తీసేస్తే ఇక రావు.

"నీకేది కావాలమ్మా?"

"సంచి తీసెయ్యండమ్మా. పిల్లలు పుట్టాక దాంతో ఏం పని?" అంది చిట్టెమ్మ.

"అంతే మేడం, ఒకేసారి పీడ వదిలిపోద్ది," అన్నాడు పేరయ్య.

"నేనడిగింది అంకమ్మని!"

"గడ్డలే తీయండమ్మా," అంది అంకమ్మ. "మా ఆడబిడ్డకి లోపలియన్నీ తీసేశారు. ఇంత చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు, కీళ్ళనొప్పులు."

"నా కూతురి ఊసెందుకే ఇప్పుడు?"

"అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీయొచ్చు అంకమ్మా," అంది డాక్టరమ్మ.

"అయినా సరేనమ్మా. సంచి నాది, ఉండనీండి."

అలా నాకు పని తగిలింది. మెలితిరుగుతూ దిగాను, గడ్డల్ని ఒక్కొక్కటే లాగాను. చివరిది జామకాయంత.

తీసినదాన్ని ట్రేలో పెట్టి బంధువులకు చూపించడం ఇక్కడి రివాజు. చివరి గడ్డలో దిగి ఉన్న నన్ను అలాగే బయటికి తెచ్చింది నర్సు. చిట్టెమ్మ వంగి చూసింది.

"ఇంతేనా? సంచేదీ?"

"లోపలే ఉంది మామ్మా."

"మా వీధి కోటమ్మకి ట్రే నిండా చూపించారే!"

"గట్టిగా అడగవే అమ్మా," అన్నాడు పేరయ్య, తూకంలో మోసపోయినవాడిలా.

ఇంతలో స్ట్రెచరు వచ్చింది. నడుముకిచ్చిన మత్తు కావడంతో అంకమ్మకు అన్నీ వినబడుతున్నాయి.

"మిగిలింది నా దగ్గరే ఉందత్తా. తప్పుకోండి, గాలాడట్లేదు."

చిట్టెమ్మ గోడవారకు తప్పుకుంది. కాని బెంచీమీద కూర్చున్న మరొక అత్తగారు ట్రేలోకి తొంగిచూసి, "మా కోడలికి మాత్రం సంచే తీసెయ్యమనండి," అని నర్సుకు చెప్పింది.

ఆ కోడలు పక్కనే కూర్చుని ఉంది. ఆమెనింకా ఎవరూ అడగలేదు.