అల్బీనా అడిగిన నిదానం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక వేడుకలో వాయించడానికి వెళ్తున్న మా బ్యాండు వ్యాను నేనే నడిపాను. వెనక వెండెల్ ఒక కిటికీ దగ్గర, క్లైవ్ ఇంకో కిటికీ దగ్గర, మధ్యలో నా డ్రమ్ములు. ఇద్దరి మూతి విరుపులూ అద్దంలో కనిపిస్తూనే ఉన్నాయి.

వెండెల్‌కి డెబ్భై ఒకటి. పుట్టింది, పెరిగింది టెక్సస్‌లోనే. తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే స్టీల్ గిటారు అతనిది. క్లైవ్ ఇంగ్లండువాడు. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని పాతికేళ్లుగా ఉండిపోయాడు. పన్నెండు తీగల గిటారు గలగలలాడించడం, గొంతు మీద గొంతు ఎక్కించి పాడించడం అతని పిచ్చి. కొత్తగా ఒక పాట కట్టాడు. గొడవంతా దాని గురించే.

"దొరగారూ, అక్కడ జనం డాన్సు చెయ్యడానికొస్తారు. నీ పాట రైలు. ఎక్కేలోపే వెళ్లిపోద్ది," అన్నాడు వెండెల్.

"నువ్వు ఎక్కకులే పెద్దాయనా. ప్లాట్‌ఫారం మీద కునుకు తియ్యి."

"ఇద్దర్నీ ఇక్కడే దింపేస్తా," అన్నాను. ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగారు.

ఆ రోజు మమ్మల్ని పిలిచిన చెక్ సంతతి దంపతులు అల్బీనా, యారోస్లావ్‌ల అరవయ్యో పెళ్లిరోజు. హాలు నిండా చుట్టాలే. పాత పాటలు సాగినంతసేపూ నేల మీద బూట్ల చప్పుడు ఆగలేదు. నాలుగోదిగా క్లైవ్ తన పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం సగమయ్యేసరికి హాలు మధ్య ఖాళీ. జనమంతా ఆప్రికాట్ పండు పెట్టి కాల్చిన కొలాచీ బన్నుల బల్ల దగ్గర చేరారు. క్లైవ్ చివరిదాకా పాడాడు గానీ చెవులు కందిపోయాయి. వెండెల్ ఎగతాళి చెయ్యకుండా తీగలు సవరించుకున్నాడు. మనసులోనే అతనికో దండం పెట్టాను.

అంతలో అల్బీనా స్టేజీ దగ్గరికి వచ్చింది.

"ఇందాకటి పాట నీదేనా నాయనా?"

"నాదేనమ్మా. క్షమించండి."

"ఎందుకూ? 'దీపం ఆర్పకు, వస్తున్నా' అన్నావే, ఆ మాట మా ఆయనకి పట్టేసింది. ఆయన మోకాళ్లే నీ జోరు అందుకోలేవు. కాస్త నిదానంగా మళ్లీ పాడవూ?"

క్లైవ్ నా వైపు చూశాడు. ఆ వేగం తగ్గించనని నాతో రెండు వారాలు పోట్లాడిన మనిషి. ఈలోగా వెండెల్ స్టీల్ గిటారు మీద ఆ పాట మొదటి వరసని మూడు దెబ్బల వాల్ట్జ్ నాట్య లయలో మెల్లగా సాగదీశాడు. నేను డ్రమ్ము కర్రలు వదిలి, మెత్తగా వాయించే బ్రష్‌లు అందుకున్నాను. క్లైవ్ తీగల్ని ఒక్కొక్కటే మీటుతూ కలిశాడు. పల్లవి దగ్గర వెండెల్ పైగొంతు అందుకున్నాడు. ముసలాయనకి మాటలన్నీ నోటికొచ్చు! ఒక్క ముక్కా గుర్తుండదని ఇన్నాళ్లూ బుకాయించాడు.

యారోస్లావ్ టోపీ కుర్చీలో పెట్టి లేచాడు. ముందు ఆ ఇద్దరే తిరిగారు. తర్వాత కొడుకులు, కోడళ్లు. ఆఖరికి చేతిలో కొలాచీ ఉన్నవాళ్లు కూడా.

"నా పాటని చంపేశావు పెద్దాయనా," అన్నాడు క్లైవ్, కళ్లు తుడుచుకుంటూ.

"చంపలేదురా. పరిగెత్తి పరిగెత్తి ఒగరుస్తుంటే కూచోబెట్టాను."

అల్బీనా మనవరాలు తన పెళ్లికీ మమ్మల్నే రమ్మంది. ఆ పాట నిదానంగా మొదలై తన వేగంతో ముగియాలని క్లైవ్ షరతు పెట్టాడు. వెండెల్ సరేనన్నాడు. మధ్యలో లయ మార్చి వాయించాల్సిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.