నిప్పులవాన దాచుకున్న కొండమ్మ

కంప్యూటరు ఆటలో అందరూ ఆమెను కొండమ్మ అనేవారు. మంత్రగత్తె కదా, యుద్ధం జరిగినంతసేపూ కొండమీదే నిలబడాలి. కింద కత్తులూ గొడ్డళ్లూ ఒకదానిమీద ఒకటి పడి పొర్లుతుంటే, పెళ్లింట్లో ఎవరూ పని చెప్పని చుట్టంలా పైనుంచి చూస్తూండాలి.

ఆమె దగ్గరున్నది ఒకే ఒక మంత్రం, నిప్పులవాన. అది పడ్డచోట మనవాడైనా పరాయివాడైనా బూడిదే. యుద్ధానికి ఒక్కసారే వెయ్యాలి. వేసిన మరుక్షణం మంత్రగత్తె శిలైపోతుంది, మైకు మూగబోతుంది. ఆ శిలరూపం గడువు ముగిసేదాకా అందరి మాటలూ వినపడతాయిగానీ, తాను ఒక్క మాటా అనడానికి లేదు.

ఆ నియమంతోనే వచ్చింది చిక్కంతా.

ఇంట్లో మాటలకు కరువు. ఆయన ఆఫీసు నుంచి వచ్చి అడిగేది చార్జరు ఎక్కడుందని. హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్లో చెప్పేది "తర్వాత చేస్తానమ్మా" అని. మధ్యాహ్నం వంటగది సర్దుకుని, కంప్యూటరు ముందు కూర్చుని హెడ్‌సెట్ తగిలించుకుంటే మాత్రం మనుషులు పలికేవారు. భోజనానికి షట్టరు దించుకున్న మందులషాపాయన సేనాధిపతి. వాషింగ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్కు గొడ్డలి వీరుడు.

గత మూడు యుద్ధాల్లోనూ ఆమె మంత్రం వెయ్యలేదు. "వెయ్యని మంత్రానికే భయం ఎక్కువండీ. ఎక్కడ పడుతుందోనని వాళ్లు ఒకచోట గుమిగూడరు. చెదిరినవాళ్లని మీరు ఏరుకోవచ్చు" అనేది. అబద్ధమేం కాదు, గెలిచారు కూడా. కాకపోతే వేస్తే తన నోరు మూతపడుతుందన్న అసలు కారణం మాత్రం పైకి అనలేదు.

ఇవాళ్టిదే ఆఖరి యుద్ధం. మళ్లీ పోటీ వచ్చే ఏడాదే.

"నమిలేటప్పుడు మైకు ఆపు నాయనా. నా చెవిలో వడ్లు దంచుతున్నట్టుంది" అంది కొండమ్మ.

"ఏం చెయ్యనక్కా, ఇప్పుడే డబ్బా తెరిచా. శత్రువునైతే చంపొచ్చు, ఆకలిని చంపలేం కదా" అన్నాడు మెకానిక్కు.

"తిండి తర్వాతయ్యా! కోటతలుపు విరుగుతోంది!" మందులషాపాయన గొంతు చించుకున్నాడు. "కొండమ్మగారూ, ఇప్పుడైనా వేస్తారా, లేక ఊరగాయ పెడతారా?"

ఆమె కిందికి చూసింది. ఎప్పుడూ చెల్లాచెదురుగా తిరిగే శత్రువులు ఇవాళ తలుపు దగ్గర భుజం భుజం రాసుకుంటూ కిక్కిరిసి ఉన్నారు. ఈవిడ వెయ్యదులే అన్న ధీమా. బెదిరించీ బెదిరించీ ఆమె మంత్రం చేలో దిష్టిబొమ్మయిపోయింది. పిట్టలు నెత్తినెక్కి కూర్చున్నాయి.

ఇంతకన్నా మంచి అదను రాదు. వేస్తే గెలుపు తనవాళ్లది, మౌనం తనది. వెయ్యకపోతే కబుర్లు చెప్పుకుంటూ అందరూ ఓడిపోవచ్చు. ఒక్క క్షణం ఆ రెండోది కూడా బాగానే ఉందనిపించింది.

"తలుపు తీసెయ్ నాయనా" అంది మెకానిక్కుతో.

"ఆఁ? మతిపోయిందా అక్కా?"

"నువ్వు ఒంటరిగా కనబడితే మిగిలినవాళ్లూ ఎగబడతారు. నేను చెప్పగానే వెనక్కి దౌడు తియ్యి."

మంత్రం ఎర్రబడుతోంది. వెళ్లొస్తాననాలి, వచ్చే ఏడాది మరిచిపోకండేం అనాలి. ఇంకా ఏవేవో అనాలి. తీరా నోరు తెరిచేసరికి వచ్చింది ఒకటే మాట.

"పరుగెత్తు!"

ఆకాశం విరిగి మీద పడింది.

"మూడు యుద్ధాలు ఊరించింది ఇందుకన్నమాట! ఏం ఎత్తండీ!" మందులషాపాయన ఆనందం పట్టలేకపోయాడు.

"ఎత్తూ లేదు, పాడూ లేదు" అంది ఆమె. ఆ మాట విన్నది గోడలే.

"షట్టరు ముందు ఎవరో దగ్గుతున్నారు" అంటూ ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెంటే మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. మెకానిక్కు మాత్రం కొండెక్కి వచ్చి, శిల పక్కన గొడ్డలి దించాడు.

"రాయికి వినపడుతుందో లేదో... డబ్బా ఖాళీ చేసి వెళ్తానక్కా."

నమలడం మొదలైంది. ఆమె చెయ్యి అలవాటుగా వాల్యూమ్ మీదికి వెళ్లి, ఒక గీత పెంచింది.

కాసేపటికి డబ్బా మూత పడిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. గడువు ముగిసి మైకు దీపం పచ్చగా వెలిగేసరికి కొండమీద గొడ్డలొక్కటే ఉంది.

"నీళ్లు తాగు నాయనా" అంది.