దోమతెరలో తాతాజీ

రొయ్యల మేత బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు భీమవరం డీలర్లందరినీ బాలి ద్వీపం తీసుకెళ్తున్నారు. వాళ్లలో మన తాతాజీ ఒకడు.

"అక్కడి దోమలు పట్టపగలే కుడతాయంటండీ. డెంగీ ఎక్కువంట. పొడుగు చేతుల చొక్కాలు పెట్టాను" అంటూ భార్య రత్నమాణిక్యం దోమల క్రీము కూడా పెట్టెలో పెట్టబోయింది.

తాతాజీ విరగబడి నవ్వాడు. "చెరువుగట్టు మీద పెరిగినోణ్ణి. బాలి దోమ నన్నేం చేస్తాదే? కుడితే దానికే జ్వరమొస్తాది!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా. క్రీము తిరిగి అలమరలోకి పోయింది.

ఇదే మనిషి తన రొయ్యల చెరువుల దగ్గర ఎంత చాదస్తుడో ఊరంతటికీ తెలుసు. కాకి వాలకుండా పైన వల, పీత దూరకుండా చుట్టూ తెర. గట్టెక్కాలంటే ఎవరైనా బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచాల్సిందే. సొంత వియ్యంకుణ్ణి కూడా చెప్పులిప్పించి ముంచాడు మహానుభావుడు. రొయ్యకి రోగమొస్తుందన్న బెంగలో పిసరంతైనా తన ఒంటి మీద లేదు.

బాలిలో నిక్కరు, బనీనుతో ఊరేగాడు. క్రీము రాసుకున్న డీలర్లని వెక్కిరించాడు. ఇంటికొచ్చిన కొద్దిరోజులకే ఒళ్లు పెనంలా కాలింది, కీళ్లన్నీ విరిచేసినట్టు నొప్పులు. పరీక్ష చేస్తే డెంగీ.

"ఆ దోమకెలా ఉందో పాపం, జ్వరం తగ్గిందో లేదో" అంది రత్నమాణిక్యం.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉందన్నారు కదండీ. మిమ్మల్ని కుట్టిన దోమ తరవాత ఆమెని కుడితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. జ్వరం తగ్గేదాకా దోమతెరలోనే ఉండండి."

తాతాజీకి అప్పుడు పుట్టింది భయం. పురిటికొచ్చిన కూతురు పావనికి ఆ వారంలోనే సీమంతం. ఇంటికి రాగానే మేడ మీద గదిలో దోమతెర కట్టించుకుని దూరాడు. డబ్బాల్లో, కుండీల్లో నీళ్లు పారబోయమని అందులోంచే అరిచాడు.

సీమంతం నాడు పట్టుచీరతో పావని మేడెక్కింది. "తెర ఒక్కసారి ఎత్తండి నాన్నా, దణ్ణం పెట్టుకుంటాను."

"ఎత్తనమ్మా. గుమ్మంలోంచే పెట్టు" అని లోపల్నుంచే అక్షింతలు విసిరాడు. అవి తెరకి తగిలి ఆయన నెత్తి మీదే పడ్డాయి. వెనకాల ముత్తైదువలు గొల్లున నవ్వారు.

తాతాజీ నవ్వలేదు. తెర అంచు పరుపు కింద ఇంకా గట్టిగా దోపుకున్నాడు.

"బిడ్డ పుట్టాక ఇద్దర్నీ కలిపి దీవిస్తాను తల్లీ. ఇప్పుడు మాత్రం నా దగ్గరికి రాకు" అని, అంతమందిలోనూ వెక్కివెక్కి ఏడ్చాడు.