పాఠం పేరు ముందు

నల్లపాడు రోడ్డులో, మిర్చి కోల్డ్ స్టోరేజీల నడుమ ఒక మేడ మీద ఉండేది ఆ శ్రవణ గ్రంథాలయం. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు అక్కడ. మిర్చి సీజన్లో కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క. ఎక్కువ పుస్తకాలు చదివిపెట్టింది రిటైరైన టీచరు సుబ్బరావమ్మ గారు. ఆవిడ క్యాసెట్లలో పాఠంతో పాటు దగ్గు కూడా వినబడేది.

2006లో ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి సీడీలు చేసే పని శ్రీరమ్య చేతికొచ్చింది. లైబ్రరీ సైన్సు చదివి అప్పుడే బయటికొచ్చిన పిల్ల. తను నేర్చుకున్నదంతా పెట్టి ముచ్చటగా ఒక కేటలాగు తయారుచేసుకుంది. పుస్తకం పేరు, రచయిత, ప్రచురించినవాళ్ళు, నిడివి. మీట నొక్కితే కంప్యూటరే ఆ వివరాలన్నీ చదివి వినిపించేది; ప్రతి సీడీ మొదట్లోనూ అదే వచ్చేది. తెలుగు పేర్లను దొరగారి యాసలో చదివినా, మొదటిసారి విన్నప్పుడు శ్రీరమ్యకు ఒళ్ళు పులకరించింది.

ఆ వేసవిలోనే వేటపాలెం నుంచి జుబేదా వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. తల్లి లాల్‌బీ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసి కూతుర్ని టీచర్ ట్రైనింగు దాకా చదివించింది. డీఎస్సీ రాస్తున్నాననీ, సాంఘిక శాస్త్రం పుస్తకాలు కావాలనీ జుబేదా అడిగింది. శ్రీరమ్య సీడీలు చేసిచ్చి, మెట్ల దాకా వచ్చి సాగనంపింది.

పరీక్ష దగ్గర పడుతుండగా ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరిచ్చింది పాత సిలబస్ పుస్తకం. కోచింగ్‌కెళ్ళే స్నేహితురాలు మోడల్ పేపరు చదివి వినిపిస్తే తెలిసింది. సగం ప్రశ్నలు నేను విన్న పాఠాల్లో లేనే లేవు."

శ్రీరమ్య బల్ల మీది సాంఘిక శాస్త్రం క్యాసెట్లు తిప్పి చూసింది. ఆ క్యాసెట్ల మీద సంవత్సరం రాసే ఉంది. ఎప్పుడు రికార్డు చేస్తే ఎవరికేం పట్టిందిలే అని, కేటలాగులో దానికి చోటివ్వలేదు తను. ఫోన్లో ఏం చెప్పినా సాకులాగే ఉంటుందనిపించింది. మర్నాడే రైలెక్కి వేటపాలెం వెళ్ళింది.

జుబేదా కేకలేయలేదు. అదే శ్రీరమ్యకు ఎక్కువ కష్టంగా తోచింది. లాల్‌బీ మంచినీళ్ళిచ్చి పనికి వెళ్ళిపోయింది.

"మా కేటలాగులో ఇంకేమేం ఉంటే బాగుండేదో చెప్పండి జుబేదా గారూ. అందుకే వచ్చాను."

 జుబేదా సీడీ ప్లేయరు ముందుకు లాక్కుని, ముందుకు జరిపే మీట నొక్కి పట్టుకుంది. సీడీలోని గొంతు కీచుమని పరుగెత్తింది. ఆపింది, విన్నది, వెనక్కి జరిపింది, మళ్ళీ విన్నది.

"కృష్ణానది పాఠం కోసం వెతుకుతున్నా. రోజూ ఇదే తంతు. మీ కంప్యూటరు నాకు రాసినాయన పేరు చెప్తది, అచ్చేసినాయన పేరు చెప్తది. వాళ్ళతో నాకేం పని మేడమ్? ఏ ఏడాది పిల్లలు చదివే పుస్తకమో చెప్పదు. ఏ పాఠం ఎక్కడుందో చెప్పదు."

శ్రీరమ్య ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు కొత్త సిలబస్ పుస్తకాలు కొనుక్కుని వచ్చింది.

గ్రంథాలయం కార్యదర్శి జయరావుకు ఈ సంగతి చెప్పడం అంత తేలిగ్గా జరగలేదు. సీడీల ప్రారంభోత్సవానికి కలెక్టరు గారొస్తున్నారు. వెయ్యి పుస్తకాలని ఆహ్వానపత్రికలో అచ్చేయించాడాయన.

"ఏమ్మా, పనంతా అయ్యాక ఇప్పుడు మొదటికొస్తానంటావా?"

"ఉన్నవాటిని అలాగే ఇస్తే ఇంకో జుబేదా మోసపోతుంది సార్. ముందు పాఠ్యపుస్తకాలు సరిచేస్తాను. మిగతావి నిదానంగా చేద్దాం."

జయరావు ఆహ్వానపత్రిక మడిచి పక్కన పెట్టాడు. చివరికి, "సుబ్బరావమ్మ గారిని అడుగు. ఈ ఎండల్లో ఆవిడ రాగలిగితే కానీయ్," అన్నాడు.

ఆవిడ మజ్జిగ సీసా చేతపట్టుకుని రోజూ వచ్చింది. మారిన పాఠాలన్నీ మళ్ళీ చదివింది. ఒక్కో పాఠం విడిగా, మీట నొక్కితే నేరుగా దాని మొదటికే వెళ్ళేట్టు చేసింది శ్రీరమ్య. మొదటి సీడీ అందాక జుబేదా ఫోన్ చేసింది.

"బాగుంది మేడమ్. ఒక్క మాట. ప్రతి పాఠం ముందూ 'ఆరవ తరగతి, సాంఘిక శాస్త్రం, చదువుతున్నది సుబ్బరావమ్మ' అని వస్తుంది. అదంతా అయితే గానీ ఏ పాఠమో తెలియట్లేదు. పాఠం పేరు ముందు చెప్పించండి. మిగతాది తర్వాత."

పక్కనుంచి వింటున్న సుబ్బరావమ్మ నవ్వింది. "నా పేరు నాకు ముద్దు, ఆ పిల్లకెందుకు? కానీయ్ అమ్మాయ్, మళ్ళీ మొదలుపెడదాం."

ప్రారంభోత్సవం నాటికి తయారైనవి వంద కూడా లేవు. శ్రీరమ్య బిక్కుబిక్కుమంటూ వెనక వరసలో కూర్చుంది. జయరావే మైకు తీసుకుని, ఆహ్వానపత్రికలో తప్పు పడిందనీ, వాడేవాళ్ళను అడక్కుండా తొందరపడింది తానేననీ చెప్పి కూర్చున్నాడు. శ్రీరమ్య పేరు ఎత్తలేదు.

ఆ ఏడు జుబేదాకు ఉద్యోగం రాలేదు. ఫలితాలు చూసి శ్రీరమ్యే భయపడుతూ ఫోన్ చేసింది.

"సోషల్లో బాగానే వచ్చాయి మేడమ్. లెక్కల్లో పోయింది. మీ దగ్గర లెక్కల పుస్తకాలు లేవుగా." గొంతు బొంగురుపోయింది. ఏడ్చినట్టుంది. "బొమ్మలున్నచోట బొమ్మని మాటల్లో చెప్పేవాళ్ళు దొరికితే బాగుండు," అంది.

లెక్కలు తన వల్ల కాదని సుబ్బరావమ్మ చేతులెత్తేసింది. ఆవిడ దగ్గర ఒకప్పుడు చదువుకున్న లెక్కల మాస్టారొకాయన చివరికి ఒప్పుకున్నాడు. త్రిభుజాన్ని మాటల్లో చెప్పడానికి ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ప్రతి బొమ్మా ముందు జుబేదాకు ఫోన్లో వినిపించి, ఆమె కాగితం మీద వేళ్ళతో గీసుకుని సరేనన్నాకే రికార్డు చేశారు.

తర్వాతి డీఎస్సీలో జుబేదా నెగ్గింది. వాడరేవు దగ్గర బడి. చేరిన రోజు సాయంత్రం శ్రీరమ్యకు ఫోన్ చేసి, పిల్లల అల్లరి గురించి, సముద్రపు గాలి గురించి, తల్లి చేసిన సేమ్యా గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. శ్రీరమ్య కుర్చీలో వెనక్కి వాలి, పని పక్కన పెట్టి, అంతా విన్నది.