సరిగా గడ్డకట్టని పొర

ల్యాబులో ఫ్రీజర్ తలుపు వేలెడు సందు తెరుచుకుని ఉండడం ఆమె చూసేసరికి ఉదయం పదయింది.  ఉష్ణోగ్రత నమోదయ్యే కాగితం లాగి చూసింది. మైనస్ ఇరవై దగ్గర ఉండాల్సిన గీత మూడు రోజులుగా సున్నాకు కాస్త కిందే పాకుతోంది. ఆ మూడు రోజుల్లో తయారైన, గాయం మీద కట్టులా వేసే జెల్ పొరలు నిన్న సాయంత్రమే కాలిన గాయాల వార్డుకు వెళ్లిపోయాయి. వాటిలో ఒకటి అక్క చేతికి.

అక్క లాండ్రీలో పనిచేస్తుంది. పోయినవారం ఇస్త్రీ యంత్రం ఆవిరి కొట్టి మోచేయి దాకా తోలు ఊడింది. కొత్త పొర పరీక్షకు ఒప్పుకుంటూ చకచకా సంతకం పెట్టేసింది. చెల్లెలి చేతి పని కదా అన్న ధీమా.

పొర చేయడం చెప్పుకోవడానికి తేలికే. పాలీవినైల్ ఆల్కహాల్ పొడిని వేడినీళ్లలో కరిగించి, పళ్లెంలో పోసి, గడ్డకట్టించి, మళ్లీ మామూలు వేడికి రానివ్వాలి. అలా ఐదుసార్లు. గడ్డకట్టిన ప్రతిసారీ దారాల్లాంటి అణువులు అక్కడక్కడా దగ్గరై, చిన్న చిన్న స్ఫటికాలుగా ముడిపడతాయి. ఆ ముడుల మధ్య నీళ్లు నిలుస్తాయి. అతికించే రసాయనం వేరే ఏదీ ఉండదు కాబట్టి పచ్చిపుండు మీద వేయడానికి భయం లేదు. కానీ చలి చాలకపోతే ముడులూ చాలవు.

ముందు రూఢి చేసుకుందామని, మిగిలిన ముక్కను ఒంటి వేడికి తెచ్చిన ఉప్పునీళ్లలో వేసింది. అరగంటకు అది ఉబ్బింది. పట్టకారుతో ఎత్తితే నానిన కాగితంలా తెగింది. ఈ అరగంటా ఫోన్ చేయకుండా ఎందుకు కూర్చున్నానని తనను తానే తిట్టుకుంది.

ల్యాబు పెద్దాయన ఇంకో ముక్క కూడా చూద్దామని నసిగాడు. ఆమె ఆయన ముందే వార్డుకు ఫోన్ కలిపింది. అక్కకు పొర వేసి గంటయిందని, మిగతా ఇద్దరికీ ఇంకా వేయలేదని నర్సు చెప్పింది. వేయొద్దని చెప్పి, కోటు కూడా విప్పకుండా పరుగెత్తింది.

పొర ఒక్కముక్కగా ఊడిరాలేదు. నర్సు సెలైన్ పోస్తూ తునకలు ఏరుతుంటే అక్క పళ్ల బిగువున ఓర్చుకుంది. ముప్పావుగంట పట్టింది. గాయంలో ఏమీ మిగల్లేదనే అనిపిస్తోందని, అయినా రెండు రోజులు జ్వరం వస్తుందేమో కనిపెట్టి చూడాలని డాక్టరు చెప్పి వెళ్లింది.

"ఆ మూడు రోజులూ ఫ్రీజర్ తలుపు తీసి వేసింది నేనే అక్కా. సరిగా పడిందో లేదో ఒక్కసారీ చూసుకోలేదు."

అక్క తడిసిన చేతిని మెల్లగా దిండు మీదికి చేర్చుకుంది.

"ఆ మిగతా ఇద్దరికీ?"

"వేయలేదు. ఆపేశాను."

"సరే. ముందు ఆ ముక్కు తుడుచుకో. నర్సు నిన్నే పేషెంటు అనుకునేలా ఉంది."

ఆ రెండు రోజులూ ఆమె అక్క మంచం పక్కనే ఉంది. గంటకోసారి అక్క నుదురు తాకి చూసేది. జ్వరం రాలేదు. మూడోరోజు జరిగిందంతా కాగితం మీద పెట్టి పెద్దాయనకు ఇచ్చింది. పరీక్ష నెల్లాళ్లు ఆగిపోయింది. అక్క మామూలు గాజుగుడ్డ కట్టుతోనే ఇంటికి వెళ్లింది. కట్టు మార్చేటప్పుడల్లా అది పుండుకు అంటుకుని పీకేది. ఓపిగ్గా తడిపి, దారం దారం విడదీసేది చెల్లెలే.