మూడో అంతస్తు స్విచ్

తొమ్మిదో పోర్టు దగ్గర ఆగి ఆయన మెడ విరుచుకున్నాడు. ఆసుపత్రి మూడో అంతస్తులో, బీరువాకన్నా కాస్త పెద్దదైన గది. మంచాల దగ్గరి మానిటర్లను నర్సుల తెరకు కలిపే పాత నెట్‌వర్క్ స్విచ్ పొద్దున్నే కాలిపోయింది. కొత్తదానికి ల్యాప్‌టాప్ తగిలించి పేరు పెట్టాడు, పాస్‌వర్డ్ పెట్టాడు. ఇప్పుడు ఒక్కో పోర్టూ ఏ మంచానికి వెళ్తుందో రాస్తున్నాడు. మిగతావాళ్లయితే అంకె వేసి ఊరుకుంటారు. ఆయన "కిటికీ పక్క మంచం, గుండె మానిటర్" అని పూర్తిగా రాసి, చివర "నో షట్‌డౌన్" కొడతాడు. పోర్టు తెరవమనడానికి "మూయకు" అనాలా అని ముప్పై ఏళ్లుగా ఆయనకు లోలోపల నవ్వే.

ఆ ముప్పై ఏళ్లలో ఆయన అసలు పేరు సగం మందికి తెలియలేదు. నెట్ పోతే గుర్తొస్తాడు, వస్తే మరిచిపోతారు. నర్సులకు మాత్రం కేబుల్ బాబాయ్.

"ఎనిమిది మంచాలకి వచ్చింది బాబాయ్. మిగతా పదహారింటికీ చేత్తో రాసుకుంటూ తిరుగుతున్నాం, కాళ్లు పడిపోతున్నాయి" అంది పెద్ద నర్సు, తొంగిచూసి. "ఏంటా చెమటలు?"

"ఈ గూట్లో గాలేదమ్మా? అయిపోవచ్చింది, నువ్వెళ్లు."

పదిహేనో పోర్టు దగ్గర ఎడమ భుజం లాగడం మొదలైంది. రెండంతస్తులు దిగితే డాక్టర్లున్నారు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇలాగే అంతా కొట్టి, సేవ్ చేయడం మరిచి టీకి వెళ్లాడు. కరెంటు పోయి వచ్చేసరికి స్విచ్ అన్నీ మరిచిపోయి కూర్చుంది. ఆ పూట ఒక ముసలాయన నాడి పడిపోవడం ఎవరూ చూడలేదు. బాబాయ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనేంతగా ఎవరికీ అర్థం కాలేదు.

పదహారు. పదిహేడు. వేళ్లు తడబడితే చెరిపి మళ్లీ కొట్టాడు. ఇరవై నాలుగూ అయ్యాక సేవ్ కమాండ్ కొట్టి, తెరమీద "సరే" అని జవాబు వచ్చేదాకా చూసి, గోడకు వీపు ఆన్చాడు.

"వచ్చేసింది బాబాయ్, అన్నీ వచ్చేశాయి!" వార్డులోంచి పెద్ద నర్సు కేకేసింది. బదులు లేకపోయేసరికి వచ్చి చూసింది.

డాక్టర్లు అరగంట పెనుగులాడి చేతులెత్తేశారు.

మధ్యాహ్నానికి ఆయన భార్య వచ్చింది. "ఇంతమంది డాక్టర్ల మధ్యే ఉన్నారు కదమ్మా. నొప్పిగా ఉందని ఒక్కరికీ చెప్పలేదా?" అని అడిగింది. పెద్ద నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ఊడ్చే ఆవిడ ఆ గది ముందు ఆగింది. గుమ్మం బయట గోడవారగా ఆయన విడిచిన చెప్పులున్నాయి. ఎడమదాని తెగిన పట్టీని నీలం కేబుల్ ముక్కతో రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడివేసి ఉంది.