మాస్కు దించని పూట

పోయిన వారం నేను ఇంట్లో మర్చిపోయిన క్యారేజీని మా ఆయన స్వయంగా కాలేజీకి తెచ్చి ఇచ్చారు. ఇందులో చెప్పుకోవడానికేముంది అనుకునేవాళ్ళకి మా ఇంటి సంగతి తెలియదు. పొద్దున్నే క్యారేజీలన్నీ సర్దేది నేనే, సాయంత్రం అన్నీ కడిగేది నేనే, హడావిడిలో నాది మర్చిపోతే ఆ పూట పస్తుండవలసిందీ నేనే. "నీకంటే ఎలాగైనా జరుగుతుంది, నాకు ఆఫీసుంది కదా" అంటారాయన. నాది ఆఫీసు కాదు, నిజమే. కమ్యూనిటీ కాలేజీ వెనకాల రేకుల షెడ్డు. అందులో పిల్లలకి వెల్డింగు నేర్పుతాను. అలాంటిది ఆ మనిషి ఎండన పడి వచ్చి, షెడ్డు గుమ్మంలో క్యారేజీ పట్టుకుని నిలబడితే నా మొహం చేటంత అయిందట. పిల్లలు వారమంతా ఆటపట్టించారు. "మేడమ్, సార్‌కి మీరంటే ఎంత ప్రేమో!" అంటే నేనూ తక్కువ తినలేదు. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదలైందిలే" అన్నాను.

ఈ వారమంతా నేను ఆనందంగా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. మా సెక్షన్ ఇన్‌ఛార్జిగారు రిటైరవుతున్నారు. ఆయన తర్వాత నేనే సీనియర్ని. పేరు ఆయనదే అయినా, పేపరు చదువుకుంటూ కూర్చున్న ఆయన పనంతా ఇన్నాళ్ళూ చేసింది నేనే. ఆ కుర్చీ మీద మోజు కాదు నాది. ఇన్‌ఛార్జి అయితే సామాన్లు తెప్పించే అధికారం ఉంటుంది. మా షెడ్డులో గ్లవ్వులన్నీ మగవాళ్ళ చేతుల కొలతవే. ఆడపిల్లలు వాటిలో చెయ్యి పెడితే వేళ్ళ చివర సగం ఖాళీగా వేలాడుతుంది. రాడ్డు పట్టు దొరకదు, గీత వంకర పోతుంది. "ఆడపిల్లల చెయ్యి నిలవదండీ" అంటారు చూసినవాళ్ళు. చెయ్యి కాదు బాబూ, గ్లవ్వు నిలవడం లేదు అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ముందు చిన్న గ్లవ్వులు తెప్పించాలి, ఆ తర్వాత పొగ లాగే ఫ్యాను పెట్టించాలి అని వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ తెగ ఆలోచించుకున్నాను.

ఇవాళ పొద్దున ప్రిన్సిపాల్ గారు పిలిచారు.

"రండమ్మా, కూర్చోండి. మీరు కోరుకున్నట్టే చేశాం. ఇన్‌ఛార్జిగా మీ జూనియర్‌ని వేస్తున్నాం. ఆర్డరు తయారైంది, రేపు పొద్దున సంతకం పెట్టేస్తాను. ఇక మీరు నిశ్చింతగా ఉండండి."

"నేను కోరుకున్నట్టా?" అన్నాను.

"అదేనమ్మా, మీకు వద్దు కదా. పోయిన వారం మీవారు వచ్చి అంతా చెప్పారు. మీ అత్తగారి ఆరోగ్యం బాగుండటం లేదని, ఇన్‌ఛార్జి అయితే సాయంత్రం బ్యాచ్ కూడా చూడాలని, మీరు మొహమాటస్తులు, నోరు తెరిచి చెప్పలేరని. నాతోనే చెప్పి ఉండొచ్చు కదమ్మా, నేనేమన్నా పరాయివాణ్ణా? మీవారు చాలా మంచి మనిషి. టీ ఇస్తే కూడా తాగలేదు, క్యారేజీ చల్లారిపోతుందని లేచారు."

ప్రిన్సిపాల్ గారు ఇంకా ఏదో చెబుతున్నారు. ఆయన కుర్చీ వెనక కిటికీలోంచి చూస్తే మా షెడ్డు గుమ్మం కనిపిస్తోంది. మధ్యలో ఉన్నది చిన్న వాకిలి. వీళ్ళిద్దరూ ఇక్కడ కూర్చుని నా మనసులో ఏముందో మాట్లాడుకుంటున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఎవరైనా కేకేస్తే వినపడేది. ఒకరికి భార్యని, ఒకరికి ఉద్యోగిని, ఒక్కరికీ నన్ను అడగాలని తోచలేదు. మా ఆయన ముందు ఇక్కడికి వచ్చి, ఆ తర్వాత క్యారేజీతో నా దగ్గరికి వచ్చారు. నేను గ్లవ్వు ఊపి నవ్వాను. ఏదో అనాలి, అప్పుడే అనాలి. "సరేనండి" అని లేచి వచ్చేశాను. ఎందుకన్నానో నాకే తెలియదు, అలవాటైన మాట కాబట్టి వచ్చేసి ఉంటుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. నిప్పు రాజేసే ముందు "కళ్ళు!" అని గట్టిగా అరవాలి. అందరూ మాస్కులు దించుకుంటారు, మాస్కు లేనివాళ్ళు మొహం తిప్పుకుంటారు. మొదటి రోజు నేను నేర్పే మొదటి పాఠం అదే. నా అరుపు కాలేజీ గేటు దాకా వినిపిస్తుందని జోకులు కూడా ఉన్నాయి. ఇవాళ షెడ్డులోకి వచ్చి, పిల్లల ప్రాక్టీసు కోసం ఇనప ముక్కలు జతచేసి, అతుక్కునేలా వెల్డింగు చుక్కలు పెట్టడం మొదలెట్టాను. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. తెల్లటి వెలుగు నేరుగా కళ్ళలో పడుతున్నా ఆ వెలుగు నాకు ఆనలేదు. "మేడమ్! మాస్కు! మాస్కు!" అని ఒక అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకు లాగింది. తడుముకుని చూసుకుంటే మాస్కు నెత్తిమీదే ఉంది. అరవనూ లేదు, దించనూ లేదు. పిల్లలు నన్ను దెయ్యాన్ని చూసినట్టు చూశారు. ఇన్నేళ్ళలో ఆ తప్పు నేను ఎప్పుడూ చెయ్యలేదు.

అలా తగిలిన వెలుగు అప్పటికప్పుడు ఏమీ చెయ్యదు. తీరిగ్గా సాయంత్రానికి పని మొదలెడుతుంది. ఇంటికొచ్చి కూర తరుగుతుంటే కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టయింది. రెప్పలు తెరవలేను, నీళ్ళు ఆగవు. అత్తయ్య కంగారుపడి నన్ను మంచం మీద పడుకోబెట్టి, కూరకని తెచ్చిన బంగాళాదుంపని చక్రాల్లా కోసి కళ్ళ మీద పెట్టింది. కాసేపటికి మా ఆయన వచ్చిన చప్పుడయింది. నా చెంపల మీద నీళ్ళు చూసినట్టున్నారు, వచ్చి పక్కన కూర్చున్నారు.

"తెలిసిందా? ఊరుకో, ఏడవకు" అన్నారు, ఎంతో మెత్తగా.

"ఏడవడం లేదు. కళ్ళు కాలాయి."

"నాకు తెలియదా నీ సంగతి! నీ మంచికేగా చేశాను. నిన్నడిగితే ఒప్పుకుంటావా? అందుకే నేను వెళ్ళి మాట్లాడాను. ఉద్యోగం మానమన్నానా? లేదే! రెండ్రోజులు బాధపడతావు, సర్దుకుపోతావు. ఆ ఓడల ఫ్యాక్టరీ ట్రైనింగప్పుడు కూడా ఇంతేగా."

నేను కళ్ళ మీది ముక్కలు తీసేశాను. "ఆ ట్రైనింగుకి నా పేరు రాలేదు కదా."

"వచ్చింది. అప్పటికి పాప చిన్నది, ఆర్నెల్లంటే ఎలా కుదురుతుంది? నేనే వెళ్ళి తీయించాను. నీకు తెలియను కూడా తెలియలేదు. ఎంత హాయిగా ఉన్నాం చెప్పు!"

తెరవలేని కళ్ళతోనే ఆయన వైపు తిరిగాను. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా మనిషి కాస్త తేరుకోవాలి. ఆ ట్రైనింగు పోయిన రోజు నేను ఈ మంచం మీదే వెక్కివెక్కి ఏడ్చాను. "ఆడవాళ్ళని ఎవరు పంపుతారులే, లోకమే అంత" అని నా తల నిమిరింది ఈయనే. ఇన్నేళ్ళూ నేను లోకాన్ని తిట్టుకున్నాను. లోకం నాతోపాటే భోంచేసి, నా పక్కనే పడుకుంటోందని నాకు తెలియదు. ఇంకెన్నిసార్లు వెళ్ళారో, ఎవరెవరితో ఏం చెప్పారో అడగాలంటే భయం వేసింది.

"ఈసారి అత్తయ్య ఆరోగ్యం బాగాలేదని చెప్పారట" అన్నాను.

గుమ్మం దగ్గర పళ్ళెం చప్పుడయింది. "నాకేం రోగమొచ్చిందిరా?" అంది అత్తయ్య. "పొద్దున మేడ మీద దుప్పట్లు పిండి ఆరేసింది ఎవరు, నువ్వా? నీ అబద్ధాలకి నన్నెందుకు మంచాన పడేస్తావు?"

"నువ్వుండమ్మా" అన్నారు మా ఆయన.

నేను లేచి కూర్చున్నాను. "ప్రిన్సిపాల్ గారికి ఫోన్ కలిపి ఇవ్వండి. నాకు అంకెలు కనపడటం లేదు."

"సెలవు చెప్తావా? మంచిది" అని తన ఫోన్ తీశారు. ఆ నంబరు కోసం నన్ను అడగలేదు, ఆయన దగ్గరే ఉంది.

అటువైపు నుంచి గొంతు ఉత్సాహంగా వచ్చింది. "చెప్పండి సార్!"

"నేనండి."

"ఓ, మీరా అమ్మా! సార్ లేరా?"

"ఉన్నారండి, పక్కనే. ఇన్‌ఛార్జి పని నాకు కావాలి సార్. నేను వద్దనలేదు. సంతకం పెట్టకండి, పొద్దున్నే కాయితం రాసుకుని వస్తాను. సాయంత్రం బ్యాచ్ నేనే చూస్తాను."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. అటువైపు ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఒకసారి సార్‌కి ఇవ్వండమ్మా, మాట్లాడతాను."

"ఇవ్వనండి. నా గురించి మీ ఇద్దరూ మాట్లాడుకోవడం అయిపోయింది. ఇప్పుడు నేను మాట్లాడతాను, మీ ఇద్దరూ వినండి."